“గుంటడు మాట వినడు” అనుకునే ముందు: పిల్లలతో కూర్చుని గొడవలు తేల్చుకునే పద్ధతి

ఆ మంగళవారం సాయంత్రం నాలుగున్నరకి మావాడి ట్యూషన్ బ్యాగు నూతి గట్టు దాటి అరటి మొక్కల్లో పడింది. వాటర్ బాటిల్ మూత ఇప్పటికీ దొరకలేదు. నేను అరిచాను, వాడు అంతకంటే గట్టిగా అరిచాడు. వీధిలో వెళ్తున్న గాజులావిడ ఆగి మరీ చూసింది. మా అత్తయ్య అరుగు మీద కూర్చునే తీర్పు చెప్పేశారు: “రెండు తగిలిస్తే గుంటడు అదే దారికొస్తాడు. మా కాలంలో ఇలాటి నకరాలు ఏటున్నాయి?”

తగిలించాను. దాచడం ఎందుకు! వాడు ఆ రోజు ట్యూషన్‌కి వెళ్ళాడు. శుక్రవారం మళ్ళీ అదే గోల.

మాది శ్రీకాకుళం. మావాడికి అప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ తర్వాత ఒక సైకాలజిస్టు దగ్గర నేర్చుకుని, ఇంట్లో చేసి చూసి, కొన్నిసార్లు చెడగొట్టుకుని మళ్ళీ సరిచేసుకున్న పద్ధతి ఇది. దీన్ని తీర్చిదిద్దింది రాస్ గ్రీన్ అనే అమెరికన్ పిల్లల సైకాలజిస్టు. పుట్టింది అక్కడైనా, దీనికి కావలసింది ఒక నోట్‌బుక్, పావుగంట టైము, నోరు అదుపులో పెట్టుకోవడం. మూడోది చాలా కష్టం.

ముందు ‘మొండి’ అనే మాట పక్కన పెట్టండి

మొండి, పెంకి, పొగరు. ఈ మాటలతో చిక్కేమిటంటే, తర్వాత మనం ఏం చెయ్యాలో ఇవి చెప్పవు. మొండివాడైతే వంచాలి, అంతే. ఈ పద్ధతి వేరే చోట మొదలవుతుంది: చేతనైతే ఏ పిల్లాడైనా బాగానే ఉంటాడు, ఉండలేకపోతున్నాడంటే అక్కడ వాడికి ఏదో చేతకావడం లేదు. నాగావళిలో పిల్లాడు మునిగిపోతుంటే కావాలనే మునుగుతున్నాడని గట్టు మీంచి తిట్టం కదా.

ఆ చేతకానివి బయటికి కనబడవు. ఆడుతున్న ఆట మధ్యలో ఆపి ఇంకో పనికి మళ్ళడం, అనుకున్నది తారుమారైతే తట్టుకోవడం, కాసేపు ఆగడం, లోపల నలుగుతున్నది మాటల్లో పెట్టడం, నలుగురిలో తప్పు దొర్లితే నిలదొక్కుకోవడం. పెద్దవాళ్ళలోనే ఇవన్నీ ఉన్నవాళ్ళు ఎందరు?

దెబ్బ పనిచేయదని నేననను. ఆ నిమిషానికి పనిచేస్తుంది, అందుకే మనం మానలేం. కానీ వాడికి చేతకానిది అలాగే ఉండిపోతుంది, దానికి తోడు భయం చేరుతుంది. బడిలో కొట్టడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. ఇంట్లో అమ్మానాన్నల చెయ్యి పట్టుకునే సెక్షన్ అందులో లేదు, మనమే పట్టుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. బహుమతులు, చార్టులో స్టార్లు, మంచి పనికి మెచ్చుకోలు ఉండే పద్ధతులు పనికిరావని కొందరు కొట్టిపారేస్తారు. అది నిజం కాదు. 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో తీవ్రంగా ఎదురుతిరిగే 7 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 134 మందిని తీసుకుని అలాటి పద్ధతినీ, ఈ గ్రీన్ పద్ధతినీ పోల్చారు. రెండూ ఇంచుమించు ఒకేలా పనిచేశాయి. మా ఇంట్లో స్టార్లు నాలుగు వారాలు నడిచి ఆగిపోయాయి, అందుకే నేను ఇటు వచ్చాను. మీ ఇంట్లో నడుస్తుంటే నడవనివ్వండి.

మొదటి అడుగు: రెండు వారాలు రాయడం

ఏమీ మార్చకండి, రాయండి చాలు. ఏ రోజు, ఎన్ని గంటలకి, సరిగ్గా అంతకుముందు వాడికి ఏం పని చెప్పాం, పక్కన ఎవరున్నారు. వాడు ఎంత గట్టిగా అరిచాడు, ఏం విసిరాడు అన్నది అనవసరం. పొగ గురించి కాదు, పొయ్యి గురించి రాయాలి.

మా నోట్‌బుక్‌లో రెండు వారాలకి 13 గొడవలు తేలాయి. అంతకుముందు నన్నడిగితే “రోజంతా ఇంతే” అనేదాన్ని. చూస్తే ఐదు ఫోన్ ఆపమన్నప్పుడు, నాలుగు ట్యూషన్ టైముకి, రెండు ఆదివారం తలంటు దగ్గర, మిగిలిన రెండు దేనికీ అతకనివి. ట్యూషన్ నాలుగూ మంగళవారం, శుక్రవారమే. సోమ, బుధ, గురువారాల్లో కిక్కురుమనకుండా వెళ్ళాడు. ట్యూషన్ వారానికి ఐదు రోజులు, ఏడుపు రెండు రోజులే అన్న సంగతి కాగితం మీద పెట్టేదాకా నాకు తట్టలేదు.

రాస్తున్న ఈ రెండు వారాల్లోనే ఒంటి సంగతి కూడా చూసుకోండి. మధ్యాహ్నం బాక్సు సగం తిని వచ్చిన పిల్లాడికి నాలుగింటికి ఒక గ్లాసు చోడి (రాగి) జావ పడితే కొన్ని గొడవలు వాటంతటవే తగ్గుతాయి. నిద్ర చాలుతోందా, కళ్ళు, చెవులు బాగున్నాయా ఒకసారి చూపించండి. బోర్డు కనబడని పిల్లాడు కూడా మనకి చదువంటే ఒళ్ళు బద్ధకం ఉన్నవాడిలాగే కనిపిస్తాడు.

రెండో అడుగు: గొడవకి సరైన పేరు పెట్టడం

ఇది చిన్న పనిలా ఉంటుంది గానీ సగం ఫలితం ఇక్కడే. నేను మొదట రాసింది: “ట్యూషన్ అంటే బద్ధకం, బ్యాగు విసిరేస్తాడు.” ఇందులో ఒక నింద ఉంది, ఒక ఊహ ఉంది, సమస్య మాత్రం లేదు. మార్చి రాసింది: “మంగళవారం, శుక్రవారం నాలుగున్నరకి ట్యూషన్‌కి బయల్దేరడం కష్టమవుతోంది.”

పేరులో విసరడం, కొట్టడం, అరవడం రాకూడదు, ఎందుకంటే రేపు ఇదే వాక్యం వాడి ముందు అనాలి. తప్పు పట్టే మాటతో మొదలెడితే వాడు నోరు మూసేస్తాడు. కారణం కూడా మనమే రాయకూడదు. ఇంకా ఒకే వాక్యంలో అన్నీ కుక్కకండి. “అక్కాతమ్ముళ్ళ గొడవలు” అని రాస్తే ఎవరూ తేల్చలేరు. “రాత్రి ఎనిమిదింటికి టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉండాలో ఒప్పుకోవడం” అని రాస్తే దాని మీద మాట్లాడొచ్చు.

మూడో అడుగు: ఏది ఇప్పుడు, ఏది తర్వాత

ఏ గొడవకైనా మన ముందు మూడు దారులుంటాయి. మన మాటే చెల్లించుకోవడం ఒకటి, ఇద్దరం కూర్చుని తేల్చుకోవడం ఒకటి, ప్రస్తుతానికి వదిలేయడం ఒకటి. గ్రీన్ వీటిని ప్లాన్ ఏ, బీ, సీ అంటాడు, ఏ పేరైనా ఒకటే. రోడ్డు మీదికి పరిగెత్తుతుంటే చెయ్యి పట్టి లాగాల్సిందే, అక్కడ చర్చ లేదు. మిగతావాటిలో రెండే ఎంచుకోండి, మహా అయితే మూడు. మిగిలినవి తెలిసి వదిలేయండి.

ఈ వదిలేయడం దగ్గరే చుట్టాలు మాట అంటారు, “బాగా గారం చేస్తన్నావు” అని. అలిసిపోయి, ఓడిపోయి వదలడం గారం. ముందే లెక్కేసుకుని, ఇది పై నెలకి అని పక్కన పెట్టడం వేరు. నేను తలంటు పక్కన పెట్టాను. ట్యూషన్, ఫోన్ తీసుకున్నాను.

నాలుగో అడుగు: టైమూ చోటూ

బ్యాగు గాల్లో ఉన్నప్పుడు ఈ మాటలు కుదరవు. కోపం నెత్తికెక్కినప్పుడు ఆలోచించే శక్తి అడుగంటుతుంది, వాడికీ మనకీ. గొడవ ఎప్పుడు వస్తుందో నోట్‌బుక్‌లో ఉంది కాబట్టి, రాని రోజున మాట్లాడండి. మంగళవారం గొడవకి ఆదివారం మధ్యాహ్నం మంచిది.

ఎదురెదురుగా కూర్చోబెట్టి కళ్ళలోకి చూస్తే అది పోలీస్ స్టేషన్ అవుతుంది. పక్కపక్కన కూర్చుని చేతులకి ఏదో పని ఉంటే మాటలు వస్తాయి. మా ఇంట్లో పనికొచ్చిన మాటలన్నీ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నప్పుడు వచ్చినవే. స్కూటీ మీద అరసవల్లి వెళ్ళొచ్చేటప్పుడు వెనక కూర్చుని మావాడు చెప్పే సంగతులు ఇంట్లో ఎంతడిగినా చెప్పడు. ముందురోజే “రేపు నీతో ఓ పది నిమిషాలు మాట్లాడాలి, తిట్టడానికి కాదు” అని చెప్పి ఉంచండి. చుట్టాల ముందు మాత్రం వద్దు.

ఐదో అడుగు: వాడి మాట వినడం

ఇక్కడ నిదానంగా నడవాలి. ఆ ఆదివారం జరిగింది దాదాపు ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

“నానా, మంగళవారం, శుక్రవారం ట్యూషన్‌కి బయల్దేరడం నీకు కష్టంగా ఉంటున్నట్టుంది. ఏటి సంగతి?”

“ఏటీ లేదు.”

నేను ఇంకో చిక్కుడుకాయ తీసుకున్నాను. రెండోది కూడా ఒలిచాను.

“నాకు ట్యూషన్ ఇష్టం లేదు.”

“ఇష్టం లేదా. అందులో ఏది ఇష్టం లేదు?”

“అన్నీ.”

“సోమవారం బాగానే వెళ్తున్నావు మరి. మంగళవారం ఏటి మారుతోంది అక్కడ?”

చాలాసేపటికి, “మంగళవారం ఎక్కాలు.”

“ఎక్కాలు?”

“నిలబడి అప్పజెప్పాలి.”

నాలుక చివరిదాకా వచ్చింది: రోజూ చదువుకుంటే వచ్చేస్తాయి కదరా! మింగాను. “నిలబడ్డాక ఏమవుతోంది?”

“ఏడెనిమిదుల దగ్గర ఆగిపోతాను. నాకొచ్చు అమ్మా. ఇంట్లో వచ్చు. అక్కడ రాదు. అందరూ నవ్వుతారు.”

“అంటే ఇంట్లో వస్తోంది, అక్కడ నిలబడితే రావడం లేదు, నవ్వుతున్నారు. ఇంకేమైనా ఉందా?”

“ప్రతిసారీ నన్నే ముందు లేపుతారు.”

వాడు యాభైఆరు చెప్పలేక బ్యాగు విసిరాడు. ఆర్నెల్లుగా నేను బద్ధకం అనుకుంటున్నాను.

ఇందులో నేను వాడిన ఉపాయాలు నాలుగే. వాడి మాటే తిరిగి వాడికి అనడం. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు అని అడగడం. “ఎందుకు చేశావు” అనే ప్రశ్న దాదాపు వద్దు, అది మన ఇళ్ళల్లో ప్రశ్న కాదు, తిట్టు. గొడవ వచ్చిన రోజుకీ రాని రోజుకీ తేడా అడగడం మూడోది. చివర్లో విన్నదంతా ఒకసారి చెప్పి “ఇంకేమైనా ఉందా” అనడం నాలుగోది. రెండో సంగతి, ముందు లేపడం, ఆ ఒక్క మాటకే బయటపడింది. ఇది అడక్కుండా పరిష్కారానికి దూకితే సగం సమస్యకే మందు వేసినట్టవుతుంది.

“తెల్దు” అని బిగుసుకుపోతే ఆగండి. మౌనంగా ఉన్నాడంటే దాస్తున్నాడని కాదు, చాలాసార్లు వెతుక్కుంటున్నాడు. అయినా రాకపోతే ఊహలు మీరే చెప్పి వేళ్ళు చూపించమనండి: అదే అయితే ఐదు, కొంచెం అయితే రెండు, కాదంటే పిడికిలి. మాటలు ఇంకా సరిగా రాని మూడు, నాలుగేళ్ళ పిల్లలకి బొమ్మలు గీసి చూపించి వేలు పెట్టమనొచ్చు. లేచి వెళ్ళిపోతే వెళ్ళనివ్వండి, రేపు మళ్ళీ చూడొచ్చు. నేను ఫోన్ గురించి మూడుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆరో అడుగు: మన బాధ చెప్పడం

రెండు వాక్యాలు చాలు. మూడో వాక్యం ఉపన్యాసం అవుతుంది.

ఇక్కడ పొరపాటు ఎక్కడ వస్తుందంటే, బాధకి బదులు తీర్పు చెప్పేస్తాం. “ట్యూషన్‌కి వెళ్ళాల్సిందే” అన్నది తీర్పు. నా అసలు బాధ ఇది: “ఎక్కాలు రాకపోతే పై తరగతిలో భాగాహారాలు, భిన్నాలు వచ్చేసరికి నువ్వు ఇబ్బంది పడతావని నా భయం. ఇంకా ఆఫీసున్న రోజుల్లో నేను ఇంటికి వచ్చేసరికి ఆరవుతుంది, అంతసేపు నీ వెనకాల తిరగడానికి నానమ్మకి మోకాళ్ళు సహకరించవు.” వాడు రెండోదానికి తలూపాడు. మొదటిది పట్టినట్టు లేదు. పరవాలేదు, ఒప్పుకోనక్కర్లేదు, వింటే చాలు.

ఏడో అడుగు: ఇద్దరికీ కుదిరే దారి

“నలుగురిలో నవ్వులపాలు కాకుండా, ఎక్కాలు కూడా వచ్చేలా ఏదైనా చెయ్యొచ్చేమో చూద్దామా? ముందు నీకేం తోస్తోంది?” ముందు వాడినే అడగాలి. మన జేబులో పరిష్కారం పెట్టుకుని, వాడు దాన్ని కనిపెట్టేదాకా తిప్పితే పిల్లలు ఇట్టే పసిగడతారు.

వాడి మొదటి పరిష్కారం: ట్యూషన్ మానేయడం. నవ్వలేదు నేను. “అది నీ ఇబ్బంది తీరుస్తుంది, నాది తీర్చదు. ఇంకోటి చూద్దాం.” రెండోది: అందరూ వెళ్ళిపోయాక టీచర్‌కి ఒక్కడే అప్పజెప్పడం. ఇది బాగుందనుకున్నాం.

టీచర్‌తో ఎలా మాట్లాడామన్నది కూడా ముఖ్యం. “మీరు మావాణ్ణి నిలబెడుతున్నారట” అని వెళ్ళి ఉంటే తలుపు అక్కడే మూసుకునేది. “వాడికి ఇంట్లో వస్తున్నాయి, నిలబడితే మర్చిపోతున్నాడు, మీరేమంటారు” అంటే ఆవిడే కూర్చోమని టీ ఇచ్చారు.

రెండు వారాలకి ఆ దారి బెడిసికొట్టింది. ఆరింటికి షేర్ ఆటో వెళ్ళిపోతుంది. అప్పజెప్పడానికి ఆగితే ఆటో పోతుంది, ఆటో పోతుందన్న కంగారులో ఏడెనిమిదులు మళ్ళీ పోతాయి. మళ్ళీ కూర్చున్నాం. ఈసారి వాడే అన్నాడు, కూర్చున్న చోటే కాగితం మీద రాసి ఇస్తానని. ఆరో ఎక్కం వరకు పక్కవాడితో కలిసి పైకి చెప్పడం, ఏడు నుంచి రాసివ్వడం. టీచర్ ఒప్పుకున్నారు. దసరా సెలవులయ్యాక తొమ్మిదో ఎక్కం నిలబడే చెప్పొచ్చాడు. ఎవరూ చెప్పమనలేదు.

మొదటి దారి బెడిసికొట్టడం మామూలే. ఒప్పందం కుదిరిన రోజున మూడు సంగతులు చూసుకోండి: వాడి ఇబ్బంది తీరుతోందా, మన బాధ తీరుతోందా, ఇద్దరం చెయ్యగలిగేదేనా. ఇకపై బుద్ధిగా ఉంటానన్నది ఒప్పందం కాదు, ఎవరూ అలా చెయ్యలేరు. మళ్ళీ ఏ రోజు కూర్చుంటామో తేదీ రాసి గోడ క్యాలెండర్ మీద పెట్టండి.

ఫోన్ సంగతి క్లుప్తంగా: మధ్యలో ఆపేస్తే ఆటలో ఓడినట్టు లెక్కవుతుంది, జట్టులో వాళ్ళు తిడతారు, అదీ వాడి ఇబ్బంది. రాత్రి నిద్ర, కళ్ళు నా బాధ. గడియారం ప్రకారం కాకుండా ఆటల లెక్కన మూడు ఆటలు, మూడోది ఎనిమిదిన్నర దాటి మొదలుపెట్టకూడదు. ఇది ఎనభై శాతం నడుస్తోంది. మిగతా ఇరవై శాతం ఇంకా అరుపులే.

మంట మండుతున్నప్పుడు

అప్పుడు నేర్పడం కుదరదు, దాటడమే. గొంతు తగ్గించండి, మాటలు తగ్గించండి, చుట్టూ ఉన్నవాళ్ళని పంపించేయండి. తగిలే వస్తువులు తీసేయండి. తమ్ముడో చెల్లో ఉంటే ముందు వాళ్ళని పక్క గదిలోకి పంపండి. “కోపంగా ఉంది, తర్వాత చూద్దాం” చాలు. నాకైతే ఒక గ్లాసు మంచినీళ్ళు తాగడం పనిచేస్తుంది, నోట్లో నీళ్ళుంటే అరవలేం కదా. మనం అరిచేస్తే, సర్దుకున్నాక “నేను అరిచాను, తప్పే” అని ఒక్క మాట అనండి. మా అత్తయ్యకి ఇది అస్సలు నచ్చదు.

ఇంట్లో పెద్దవాళ్ళు, ఊళ్ళో లేని నాన్న

మనవైపు చాలా ఇళ్ళల్లో నాన్న విశాఖలోనో హైదరాబాదులోనో పనిలో ఉంటాడు, నెలకో రెండు నెలలకో వస్తాడు. వచ్చిన రెండు రోజులూ అన్నిటికీ సరే, లేదంటే అన్నిటికీ దెబ్బలు. వీడియో కాల్‌లో “ఏరా, అమ్మ మాట వినట్లేదంట” అని మొదలుపెట్టే నాన్నకి పిల్లాడు ఏం చెబుతాడు? నేను చేసిందేంటంటే, కుదిరిన ఒప్పందాన్ని నోట్‌బుక్‌లోంచి ఫోటో తీసి ఆయనకి పంపడం. “ఎలా నడుస్తోంది మీ ఆటల లెక్క” అని అడగమన్నాను.

అత్తయ్యని వాదించి ఒప్పించలేదు, ఒప్పించలేను కూడా. “ట్యూషన్, ఫోన్ ఈ రెండూ నాకొదిలేయండి, మిగతావి మీ ఇష్టం” అన్నాను. ఆరు వారాలకి ఆవిడే ఒకరోజు వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని “ఏటిరా, ఏటయింది సెప్పు” అని అడుగుతుంటే వంటింట్లోంచి విన్నాను. వాడు చెప్పేలోపే రెండు సలహాలు ఇచ్చేశారు. అయినా అడిగారు.

బయటి సాయం ఎప్పుడు

తనకి గానీ ఎదుటివాళ్ళకి గానీ దెబ్బలు తగిలేలా చేస్తుంటే, చచ్చిపోతానంటుంటే, అప్పటికే వచ్చిన మాటలు గానీ అలవాట్లు గానీ పోతుంటే, తిండీ నిద్రా బాగా దెబ్బతింటే, బడి పూర్తిగా మానేస్తే ఈ నోట్‌బుక్ సరిపోదు. ఉన్నట్టుండి పిల్లాడు మారిపోయి ఒకరి పేరు చెబితే వణుకుతుంటే, అది మొండితనమో కాదో ఆలోచించే ముందు ఎవరైనా హింసిస్తున్నారేమో చూడాలి. దానికి పిల్లల హెల్ప్‌లైన్ ఉంది, 1098.

పుట్టుక నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల ఎదుగుదల సమస్యలు చూడ్డానికి ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) పథకం కింద డీఈఐసీలు, అంటే ఇలాటి సమస్యల్ని తొందరగా పట్టుకుని సాయం చేసే జిల్లా కేంద్రాలున్నాయి. శ్రీకాకుళమైనా విజయనగరమైనా పెద్ద ప్రభుత్వాసుపత్రిలో పిల్లల విభాగంలో అడిగితే ఎక్కడికి వెళ్ళాలో చెబుతారు. ఫోన్‌లో అయితే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, 14416. 2022 నుంచి నడుస్తోంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు. పిల్లాడి గురించే కాదు, మన టెన్షన్ గురించి కూడా చెయ్యొచ్చు. వెళ్ళేటప్పుడు ఆ రెండు వారాల రాత పట్టుకెళ్ళండి. మావాణ్ణి చూసిన సైకాలజిస్టు నా కథంతా మధ్యలో ఆపి ముందు ఆ పేజీలే అడిగారు.

ఇక తలంటు. పక్కన పెట్టినదాన్ని మొన్న సంక్రాంతి ముందు తీశాను. కుంకుడురసం కళ్ళు మండించడం అనుకున్నాను, కాదట. కళ్ళు మూసుకున్నాక చెంబుతో నీళ్ళు ఎప్పుడు మీద పడతాయో తెలియకపోవడం. ఇప్పుడు వాడే ఒకటి, రెండు, మూడు అంటాడు, మూడుకి పోస్తాను. మొన్న ఆదివారం రెండుకే పోసేశాను పొరపాటున. చెంబు వెళ్ళి మళ్ళీ అరటి మొక్కల్లో పడింది.